కార్డిఫ్ నుంచి బ్రిస్టల్ కి బోటు: మూడు లాకులు, ఒక పోటు, 13 నిమిషాల లేటు

మేం బ్రిస్టల్ చేరింది అనుకున్నదానికంటే సగం రోజు లేటుగా. ఒక పాయింట్ దగ్గర 13 నిమిషాలు వెనకబడ్డాం, దానికి రాత్రంతా ఆగాల్సొచ్చింది. ఆ 13 నిమిషాల లెక్క ఎక్కడ తప్పిందో నాకోసమే ఒక పేజీ రాసుకుందామని కూర్చున్నా, రాస్తుంటే పెద్దదైంది, బ్రిటన్ లో బోటు కొనుక్కున్న మనవాళ్లు ఇంకో నలుగురున్నారు కాబట్టి పనికొస్తుందని మొత్తం పెడుతున్నా.

బోటు వివరాలు ముందు. 28 అడుగుల పాత సెయిల్ బోటు, అడుగున రెండు కీల్స్ ఉండే బిల్జ్ కీల్ రకం (నీళ్లు తీసేస్తే పక్కకి పడిపోకుండా రెండు కాళ్ల మీద నిలబడుతుంది), నీళ్లలో 1.1 మీటర్లు మునుగుతుంది, 18 గుర్రాల డీజిల్ ఇంజన్, మామూలుగా పోతే 5 నాట్లు (నాటు అంటే గంటకి ఒక నాటికల్ మైలు). బోటు ఉండేది కార్డిఫ్ పక్కన పెనార్త్ లో. తీసుకెళ్లాల్సింది బ్రిస్టల్ ఊరి నడిబొడ్డున ఉన్న ఫ్లోటింగ్ హార్బర్ కి (తలుపుల వెనక ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండే హార్బర్). కారులో గంట. నీళ్ల మీద సుమారు 24 నాటికల్ మైళ్లు, అందులో సముద్రం 17న్నర, ఏవన్ నది 6 పైచిలుకు. సిబ్బంది నేనూ మా బావమరిదీ. వాడు రెడింగ్ లో సాఫ్ట్‌వేర్, బోటు ఎక్కడం అది నాలుగోసారి.

24 మైళ్లు, 5 నాట్లు, ఐదు గంటలు, పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం కదా అనిపిస్తుంది. అలా కుదరకపోవడానికి కారణం ఇక్కడి పోటు.

నేను పుట్టింది ధవళేశ్వరం పక్కన. కాకినాడ తీరంలో పోటుకీ పాటుకీ మధ్య తేడా గట్టిగా ఒకటిన్నర మీటరు. ఇక్కడ ఏవన్ నది సముద్రంలో కలిసే ఏవన్‌మౌత్ లో మామూలు స్ప్రింగ్ పోటుకే (పౌర్ణమి, అమావాస్యల దగ్గర వచ్చే పెద్ద పోటు) 12 మీటర్ల తేడా, బాగా పెద్దవాటికి 14 దాకా పోతుంది, ప్రపంచంలో కెనడాలోని ఫండీ బే తర్వాత చెప్పుకునే పేరు ఈ సెవర్న్ ముఖద్వారమే. గరాటు లాగా సముద్రం లోపలికి వచ్చేకొద్దీ సన్నబడుతుంది, లోతు తగ్గుతుంది, వచ్చిన నీళ్లకి పక్కకి పోయే దారి లేక పైకి లేస్తాయి. నాలుగంతస్తుల బిల్డింగ్ అంత నీరు ఆరుగంటల్లో ఎక్కి ఆరుగంటల్లో దిగిపోతుంది. అన్ని నీళ్లు కదలాలంటే ప్రవాహం కూడా అలాగే ఉంటుంది, కార్డిఫ్ బయట స్ప్రింగ్స్ లో 3-4 నాట్లు, ఏవన్‌మౌత్ ఎదురుగా కింగ్ రోడ్ అనే చోట 5 నాట్లు. నా బోటు స్పీడే 5. ఎదురు పోటులో బయల్దేరితే ఇంజన్ ఫుల్లుగా కొట్టుకుంటూ పక్కనున్న బోయ్ (దారి చూపే తేలే గుర్తు) వంకే గంటసేపు చూస్తూ కూర్చోవాలి, ఒకసారి కూర్చున్నాను కూడా.

ఇంత తేడా ఉంటే నీళ్లు నిలవవు కాబట్టి ఈ తీరంలో ప్రతి హార్బర్ కీ తలుపులు. వాటిని తెలుగులో ఏమనాలో నేను వెతుక్కోనక్కర్లేదు, లాకులే. కాటన్ దొర ఆనకట్ట కట్టించాక తవ్విన కాలవల మీద మా ఊళ్లో చిన్నప్పట్నుంచీ చూసినవే, పైన తలుపులు మూసి కింద తలుపులు తీసి పడవని మెట్టు దింపినట్టు దింపేవాళ్లని తాతయ్య చెప్పేవాడు, మేం చూసేటప్పటికి పడవలు పోయాయి, లస్కర్లు మిగిలారు. సూత్రం ఇక్కడా అదే. ఒక్కటే తేడా, కాలవ లాకు ఎప్పుడైనా తెరుస్తారు, సముద్రం లాకుకి అవతల నీళ్లుంటేనే తెరుస్తారు.

తేదీ ఎలా ఎంచుకున్నానో చెప్పాలి, ఇది చాలామందికి తెలియని సంగతి. ఒక చోట స్ప్రింగ్ పోటు ఎప్పుడూ ఇంచుమించు ఒకే గడియారం టైముకి వస్తుంది. ఏవన్‌మౌత్ లో పౌర్ణమికీ అమావాస్యకీ హై వాటర్ (పోటు పూర్తిగా ఎక్కే సమయం) ఎండాకాలం టైము ప్రకారం పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతం, మళ్లీ రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది. అష్టమి అటూ ఇటూ వచ్చే నీప్స్ అయితే మధ్యాహ్నం రెండు, మూడు. కాబట్టి మా ఆవిడ వంటింట్లో తగిలించిన తెలుగు క్యాలెండర్ లో తిథి చూస్తే చాలు, ఆ శనివారం నాకు పనికొస్తుందో లేదో టైడ్ టేబుల్ తియ్యకుండానే సగం తెలిసిపోతుంది. పగలు హాయిగా వెళ్లాలంటే అష్టమి దగ్గర చూసుకోవాలి, పోటు చిన్నది, టైము మధ్యాహ్నం, ప్రవాహం సగం. తెలివైనవాడు అదే ఎంచుకుంటాడు. నాకు కుదిరిన శనివారం మాత్రం జ్యేష్ఠ శుద్ధ చతుర్దశి, ఆదివారం ఏరువాక పున్నమి. అంటే పోటు దాదాపు ఫుల్లు.

ఒక ఓదార్పు ఉంది. పౌర్ణమికి ముందు రోజు కాబట్టి పోట్లు ఇంకా పెరుగుతున్నాయి. ఖర్మకాలి ఎక్కడైనా బురదలో కూర్చుంటే తర్వాత వచ్చే పోటు ఇంకాస్త పెద్దది, లేపేస్తుంది. అదే పౌర్ణమి వెళ్లిన మూడోనాడు కూర్చుంటే ప్రతి పోటూ ముందుదాని కంటే చిన్నది, మళ్లీ అమావాస్య దాకా అక్కడే కాపురం పెట్టాల్సిరావొచ్చు. నది ఎక్కేటప్పుడు నేను చూసే మొదటి సంగతి ఇదే, పోట్లు పెరిగే వైపున్నాయా తరిగే వైపున్నాయా.

శనివారం ఏవన్‌మౌత్ అంకెలు: లో వాటర్ 13:35కి 1.3 మీటర్లు, హై వాటర్ 19:50కి 12.6 మీటర్లు. ఇవి గంట కలిపిన తర్వాత అంకెలు, టేబుల్ లో యూటీ లో, అంటే గ్రీనిచ్ టైములో, ఇస్తారు, జూన్ లో గంట కలపాలి, నేను కలిపేసి పెన్సిల్ తో పక్కన రాసుకుంటా, బోటులో కూర్చుని కలపను. కార్డిఫ్ లో హై వాటర్ దీనికి పావుగంట ముందు.

ఇప్పుడు వెనకనుంచి లెక్క. బ్రిస్టల్ లో కంబర్లాండ్ బేసిన్ ఎంట్రన్స్ లాకు లోపలికి తీసుకునేది ఒక్కో పోటుకి సుమారుగా మూడే సార్లు, హై వాటర్ కి 2 గంటల 35 నిమిషాల ముందు, 1 గంట 25 నిమిషాల ముందు, 15 నిమిషాల ముందు. అంటే మాకు 17:15, 18:25, 19:35. ఈ మూడూ దాటితే ఆ పోటుకి ఇంక లేదు. మూడోదాన్ని నేను అసలు లెక్కలోకి తీసుకోను, అది పొరపాట్లకి ఉంచుకునేది. ఇంకో తలనొప్పి ఏంటంటే పెద్ద పోట్లకి నది నీళ్లు హార్బర్ నీళ్ల కంటే పైకి లేస్తాయి, అప్పుడు ఊరు మునగకుండా లోపలి జంక్షన్ లాకు దగ్గర స్టాప్ గేట్లు మూస్తారు, ఆఖర్న వెళ్లినవాడు బేసిన్ లోనే పాటు తీసేదాకా పడి ఉండాలి. అందుకని టార్గెట్ రెండోది, 18:25. పావుగంట ముందు అక్కడుండాలి, 18:10. నది 6 మైళ్లు, పోటు ఒకటిన్నర నాట్లు వెనకనుంచి తోస్తే గంట, అంటే ఏవన్ ముఖం దగ్గర 17:10. అక్కడికి రెండు మైళ్ల ముందు పోర్టిస్‌హెడ్ లో బ్యాటరీ పాయింట్ అని చిన్న లైట్ హౌస్ ఉన్న కొన, అది 16:55.

పెనార్త్ వైపు నుంచి చూస్తే కార్డిఫ్ బే బ్యారేజీ. 1999లో పూర్తయింది, 1.1 కిలోమీటరు గోడ, టాఫ్, ఎలీ నదుల్ని ఆపి లోపల 200 హెక్టార్ల మంచినీళ్ల చెరువు చేశారు. మూడు లాకులు, 24 గంటలూ పనిచేస్తాయి, బయటికి గంటకీ అరగంటకీ వదులుతారు. బ్యారేజీ నుంచి బ్యాటరీ పాయింట్ 15న్నర మైళ్లు, నా 5 నాట్లకి పోటు 3 కలిపితే 8, అంటే రెండు గంటల లోపు. 15:00 లాకు పట్టుకుంటే సరిగ్గా 16:56. కాగితం మీద నిమిషానికి కుదిరింది. అలా నిమిషానికి కుదిరిన ప్లాన్ చూస్తే నాకు భయం, అందుకని 14:30 లాకు ప్లాన్, 15:00 రిజర్వు.

పోటు ఎలా ఎక్కుతుందో కూడా ఒకసారి చెప్పి ముందుకెళ్తా. పన్నెండో వంతుల లెక్క అంటారు, మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఐదులో రెండు, ఆరులో ఒకటి. తేడా 11.3 మీటర్లు కాబట్టి వంతు అంటే 95 సెంటీమీటర్లు పెట్టుకోండి, నడిమి గంటల్లో గంటకి 2.8 మీటర్లు, నిమిషానికి దాదాపు 5 సెంటీమీటర్లు. ఇక్కడ అది ఉజ్జాయింపే, ఖచ్చితంగా కావాలంటే ఏవన్‌మౌత్ కర్వ్, అంటే అక్కడి పోటు గ్రాఫ్, చూడాలి, కానీ నోటిలెక్కకి ఇది చాలు. అదే గంటల్లో ప్రవాహం కూడా గట్టిగా ఉంటుంది కాబట్టి నేను సముద్రం దాటేది వీలైనంత వరకు ఆ నడిమి గంటల్లో ఉండేలా చూసుకున్నా.

కాగితం కింద ఎర్ర పెన్నుతో ఒక లైన్ రాసా: బ్యాటరీ పాయింట్ 17:45 దాటితే నది లేదు, పోర్టిస్‌హెడ్. ఇది మూడో లాకుకి వెనకనుంచి లెక్కేసింది, 19:20కి అక్కడుండాలి, నది గంట, అడ్డంగా రెండు మైళ్లు పావుగంట, 18:05 వస్తుంది, అందులోంచి 20 నిమిషాలు తీసేసా. ఆ 20 ఎందుకో అప్పుడు నాకూ సరిగ్గా తెలీదు, ఓడలుంటాయి కదా అని తీసేసా. పోర్టిస్‌హెడ్ మరీనా లాకు హై వాటర్ కి అటూ ఇటూ సుమారు మూడున్నర గంటలు తెరుస్తారు, అంటే రాత్రి 11 దాటేదాకా తలుపు తీసే ఉంటుంది. పక్కనే తెరిచిన తలుపు ఉన్నప్పుడు సందేహపడి ముయ్యబోయే తలుపు వైపు పరిగెత్తడం ఎందుకని ఆలోచన.

శనివారం మధ్యాహ్నం 14:05కి ఇంజన్ స్టార్ట్ చేసా. వెనక పైపులోంచి పొగ వస్తోంది, నీళ్లు రావట్లేదు. బోటు ఇంజన్ బయటి నీళ్లు లాక్కుని చల్లబడుతుంది, పైపులోంచి పొగతోపాటు నీళ్లు ఉమ్ముతుండాలి, బుడుక్ బుడుక్ మని. ఇది పొడిగా దగ్గుతోంది. ఆపేసి ఫిల్టర్ మూత తీస్తే లోపల పచ్చగా నాచు, జడపాయలాగా చుట్టుకుపోయి ఉంది. బే లోపల మంచినీళ్లు కాబట్టి ఎండాకాలం కలుపు విపరీతంగా పెరుగుతుంది, అది నాకు తెలుసు, పొద్దున్నే ఫిల్టర్ చూడాలని కూడా తెలుసు, చూడలేదు. మా ఆవిడ ఇచ్చిన పులిహోర డబ్బా ఎక్కడ పెట్టాలా అని పది నిమిషాలు సర్దాను, ఫిల్టర్ కి రెండు నిమిషాలు పెట్టలేదు. నాచు పీకి, పైపు ఊది, మళ్లీ పెట్టి, నీళ్లు వస్తున్నాయో లేదో చూసి, పాంటూన్ (బోటు కట్టుకునే తేలే అరుగు) వదిలేసరికి మూడు దాటింది. రేడియోలో ఛానల్ 18 మీద బ్యారేజీ కంట్రోల్ ని పిలిస్తే మూడున్నరకి రమ్మన్నారు.

లాకులో లోపల తేలే పాంటూన్ ఉంటుంది, దానికి కట్టుకుంటే దాంతోపాటే మనమూ దిగుతాం, తాళ్లతో కుస్తీ ఉండదు. సముద్రం ఇంకా కింద ఉంది కాబట్టి ఆరేడు మీటర్లు దిగాం. దిగుతుంటే గోడ తడిగా, నల్లగా, పైకి పోతూ ఉంటుంది, పైన నిలబడి చూసే పిల్లల తలకాయలు చిన్నవైపోయాయి, మావాడు "బావా, బావిలో దిగుతున్నట్టుంది" అన్నాడు. అవతలి తలుపులు తెరుచుకోగానే కాఫీ రంగు నీళ్లు.

బయటికి రాగానే రెండో దెబ్బ, గాలి. ఫోర్‌కాస్ట్ లో తూర్పు గాలి 3 నుంచి 4 అన్నాడు, ఉన్నది 4 పైనే. మేం పోయేది తూర్పుకి, పోటు పోయేదీ తూర్పుకి, గాలి ఎదురు. పోటు మీదకి గాలి ఎదురొస్తే అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి, ఎత్తు మీటరే కానీ ఒకదాని వెనక ఒకటి గోడల్లాగా. బోటు ఒకదాన్ని ఎక్కి దిగేలోపు రెండోది ముక్కు మీద కొడుతుంది, అక్కడే స్పీడ్ చచ్చిపోతుంది. పడమటి గాలి అయితే ఇదే సముద్రం చాప పరిచినట్టుండేది. కుడివైపు ఫ్లాట్ హోమ్ దీవి కనపడుతోంది, 1897 మే లో మార్కోనీ అక్కణ్ణుంచి ఎదుటి లావర్నాక్ పాయింట్ కి వైర్లెస్ సందేశం పంపాడు, సముద్రం మీదుగా పోయిన మొదటిది అదేనని మావాడికి చెప్దామనుకున్నా, వాడు బకెట్ పట్టుకుని ఉన్నాడు, మానేసా.

నీళ్లలో స్పీడ్ 4 నాట్లు. ఇంకాస్త రేజ్ చేద్దామంటే టెంపరేచర్ ముల్లు రోజూ ఉండే గీత మీంచి కొద్దిగా పైకి జరిగింది. 2200 ఆర్‌పీఎం దాటితే జరుగుతుంది, తగ్గిస్తే వెనక్కొస్తుంది. ఫిల్టర్ శుభ్రం చేసాక కూడా అలా ఉందంటే ఇంకేదో ఉంది. అప్పట్నుంచి నా కళ్లు సగం సముద్రం మీద, సగం ఆ ముల్లు మీద. వెల్ష్ గ్రౌండ్స్, ఇంగ్లిష్ గ్రౌండ్స్ అని రెండు పెద్ద ఇసక దిబ్బల పేర్లు చార్ట్ లో ఉంటాయి, పాటుకి మైళ్ల కొద్దీ బయటపడతాయి, వాటి పక్కగా బ్రిస్టల్ డీప్ అని ఓడల దారి. మేం ఆ దారికి బయట అంచున, బోయ్ లు లెక్కపెట్టుకుంటూ పోతున్నాం. జీపీఎస్ లో భూమి మీద స్పీడ్ 6న్నర చూపిస్తోంది, నీళ్లలో 4 ఉన్నప్పుడు 6న్నర అంటే పోటు 2న్నరే ఇస్తోంది, నేను వేసుకుంది 3. దానికి కారణం తర్వాత అర్థమైంది, అలలు తక్కువుంటాయని ఒడ్డు వైపు జరిగా, ఒడ్డు దగ్గర ప్రవాహం కూడా తక్కువే.

క్లీవ్‌డన్ పియర్ దూరంగా పోయింది, బ్లాక్ నోర్ దాటాం. ఛానల్ 12 లో బ్రిస్టల్ వీటీఎస్ కి (ఓడల రాకపోకలు చూసే కంట్రోల్) చెప్పా, ఫలానా బోటు, ఏవన్ నదిలోకి వెళ్దామనుకుంటున్నాం అని. వాళ్లు చెప్పింది ఒక కార్ల ఓడ పోర్ట్‌బరీ లోకి వస్తోంది, అది లాకు ముందు తిరిగి సర్దుకునేదాకా దూరంగా ఉండండి అని. రాయల్ పోర్ట్‌బరీ డాక్ సరిగ్గా పోర్టిస్‌హెడ్ కీ నది ముఖానికీ మధ్యలో ఉంది, దాని ముందునుంచే పోవాలి. పెద్ద ఓడలు కూడా హై వాటర్ ముందు రెండు మూడు గంటల్లోనే వస్తాయి, వాటికీ తలుపులే కదా. మాకు కావాల్సిన టైమూ వాటికి కావాల్సిన టైమూ ఒకటే. ఆ 20 నిమిషాలు ఎందుకు తీసేసానో అప్పుడు తెలిసింది.

బ్యాటరీ పాయింట్ కి వచ్చేసరికి 17:58. పాయింట్ ని ఎంత దగ్గరగా దాటతామంటే ఒడ్డున బెంచీ మీద ఐస్‌క్రీమ్ తింటున్నాయన ఏ రంగుది తింటున్నాడో కనపడుతుంది. ఎదురుగా ఓడ, కిటికీల్లేని పదంతస్తుల గోదాములాగా, మూడు టగ్గులు పట్టుకుని పక్కకి జరుపుతున్నాయి.

మావాడికి కడుపు కుదుటపడింది, లెక్కలేస్తున్నాడు. "బావా, ఓడకి పది నిమిషాలు, ముఖం దగ్గరికి 18:25, నది గంట, 19:25. లాకు 19:35. వెళ్లిపోవచ్చు కదా."

వెళ్లిపోవచ్చు. వాడి లెక్కలో తప్పు లేదు, నేనూ అదే లెక్కేసి రెండు నిమిషాలు గేర్ లో చెయ్యి పెట్టుకుని కూర్చున్నా. ఒకవేళ లాకు దొరక్కపోయినా వెంటనే వెనక్కి తిరిగితే పాటుతోపాటు ఎనిమిదీ నలభై, యాభైకి మళ్లీ కింగ్ రోడ్, వెలుతురుంటుంది, పోర్టిస్‌హెడ్ తెరిచే ఉంటుంది. కాబట్టి కాగితం ప్రకారం చూస్తే వెళ్లడం కూడా అంత పిచ్చిపనేమీ కాదు, అది ఒప్పుకోవాలి. నన్ను ఆపింది టైము మాత్రమే అయ్యుంటే బహుశా వెళ్లేవాణ్ణి. ఆపింది ఆ ముల్లు. నదిలో గంట సేపు తగ్గించకుండా నడపాలి, లేటైతే ఇంకా రేజ్ చెయ్యాలి, రెండువైపులా నున్నటి బురద గట్లు, వెడల్పు తక్కువ, లంగరు వేసి ఆలోచించుకునే చోటు కాదు. హై వాటర్ దగ్గర ఇంజన్ ఆగిందంటే పాటు మొదలవుతుంది, బోటు గట్టు వాలు మీద కూర్చుంటుంది. నా రెండు కీల్స్ చదును నేల మీద నిలబెడతాయి, వాలు మీద కాదు. 1874లో క్రోన్‌ప్రింజ్ అనే స్టీమర్ ఈ నదిలోనే హార్స్‌షూ బెండ్ అనే మలుపులో అలాగే ఇరుక్కుని ఒరిగిపోయింది, ఆ ఫోటో నేను చూసాను, ఓడ మంచం మీంచి జారిపోతున్నవాడిలా ఉంటుంది.

"ఎర్ర పెన్నుతో ఏం రాసుందిరా?" అన్నా. వాడు కాగితం తీసి చదివాడు. "పదిహేడు నలభై ఐదు." టైము చూసుకున్నాడు, ఇంకేం మాట్లాడలేదు. ఛానల్ 80 లో పోర్టిస్‌హెడ్ ని పిలిచా, వీటీఎస్ కి ప్లాన్ మారిందని చెప్పా. 18:40కి లాకు లోపల ఉన్నాం, అక్కడా తేలే పాంటూనే, చెమట పట్టకుండా అయిపోయింది.

కట్టేసాక మొదటిపని నీళ్ల పంపు విప్పడం. ముందు మూత నాలుగు స్క్రూలు, లోపల ఇంపెల్లర్ అని రబ్బరు చక్రం, పువ్వులాగా ఆరు రెక్కలుంటాయి. ఆరులో రెండు లేవు. మూడోది వేళ్లతో అంటే ఊడొచ్చేలా ఉంది. మధ్యాహ్నం నీళ్లు లేకుండా పొడిగా తిరిగిన ఆ రెండు మూడు నిమిషాల్లో రబ్బరు కాలిపోయింది. అంటే ఆ నాచు మూలంగా నేను పోగొట్టుకుంది గంట అనుకున్నా, నిజానికి పోయింది ఇంజనే, ఇంకా ఎక్కడో పడి ఆగలేదంతే. కొత్తది స్పేర్ ఉంది, దానికి సబ్బు నీళ్లు రాసి రెక్కలన్నీ ఒకవైపు వంచి దూర్చాలి, ఇరవై నిమిషాలు. అసలు పని ఊడిన ముక్కలు వెతకడం, అవి ముందుకి పోయి హీట్ ఎక్స్‌ఛేంజర్ లో అడ్డంపడితే కొత్త ఇంపెల్లర్ పెట్టినా ఉపయోగం లేదు. ఒక ముక్క పంపు పక్క మలుపు పైపులో దొరికింది, రెండోది ఎక్స్‌ఛేంజర్ మూత తీస్తే గొట్టాల మొహం మీద అతుక్కుని ఉంది, మావాడు వాళ్లావిడ ట్వీజర్ తో తీసాడు (అది వాడి బ్యాగులో ఎందుకుందో అడగలేదు). రెండు ముక్కలూ పాత చక్రానికి ఆనించి జిగ్‌సా లాగా సరిపోయాయో లేదో చూసాకే మూత వేసా. పులిహోర అప్పుడు తిన్నాం.

ఆదివారం హై వాటర్ 08:15, లాకులు 05:40, 06:50, 08:00. మళ్లీ నడిమిదే. పోర్టిస్‌హెడ్ లాకులోంచి 05:15కి బయటికి. గాలి పడిపోయింది, కింగ్ రోడ్ లో నూనె పోసినట్టు నీళ్లు, అడుగున మాత్రం అదే ప్రవాహం, బోయ్ పక్కన సుడి తిరుగుతూ కనపడుతుంది. ముఖంలోకి తిరిగేటప్పుడు బోటు ముక్కు నది వైపు పెడితే పోదు, పోటు పక్కకి తోసేస్తుంది, బాగా పైకి, అంటే దక్షిణపు గట్టు వైపు గురిపెట్టి ఏటవాలుగా జారుకుంటూ దూరాలి. గోదాట్లో రేవు దాటేటప్పుడు పడవ నడిపేవాళ్లు అవతలి రేవుకి ఎగువన గురిపెట్టేది ఇందుకే.

నది లోపల ఇంకో లోకం. మోటర్‌వే బ్రిడ్జి కింద దూరాం, పైన లారీలు. ఎడమకీ కుడికీ బురద గట్లు, తడి చాక్లెట్ లాగా మెరుస్తూ, నీటి అంచు వాటి మీద పాకుతోంది, ఒక కర్రముక్కనో రాయినో చూస్తుంటే మన కళ్లముందే మునిగిపోతుంది. పిల్ అనే ఊరు వచ్చింది, బ్రిస్టల్ ఛానల్ పైలట్లు తరతరాలుగా ఉన్న ఊరు. హార్స్‌షూ బెండ్ లో నడిమధ్య కాస్త బయటికే ఉన్నా, ముల్లు గీత మీద కదలకుండా ఉంది. తర్వాత రాతి కొండల మధ్య నది, పైన 75 మీటర్ల ఎత్తున క్లిఫ్టన్ సస్పెన్షన్ బ్రిడ్జి, ఇంజనీరు బ్రునెల్ గీసింది, ఆయన పోయాక 1864లో పూర్తిచేసారు. ఆయన చేసిన ఇనప ఓడ గ్రేట్ బ్రిటన్ 1843లో ఈ ఊళ్లోనే నీళ్లలో దిగి, ఎక్కడో ఫాక్‌లాండ్స్ లో పాడుబడి, 1970లో ఇదే నదిలో ఇదే బ్రిడ్జి కింద వెనక్కొచ్చింది, పెద్ద పోటు చూసుకునే.

బ్రిడ్జికి ముందే బ్లాక్ రాక్ దగ్గర ఛానల్ 14 లో సిటీ డాక్స్ కి చెప్పాలి, చెప్పా, ఎంత పొడుగు ఎంత లోతు అని అడిగారు. 06:38కి లాకు ముందు. ఇక్కడ గోడ పక్కనే ఆగాలి, పైకి లేస్తున్నకొద్దీ తాడు వదులవుతుంది, దాన్ని చేత్తో లాక్కుంటూ ఉండాలి, క్లీట్ కి (బోటు మీద తాడు కట్టే కొమ్ము) ముడేసి ఫోటోలు తీసుకోవడం కుదరదు. లేచింది ఒకటిన్నర మీటరే. 1809లో ఇంజనీరు జెసప్ ఈ హార్బర్ కట్టకముందు ఓడలు ఊళ్లో రోజుకి రెండుసార్లు బురద మీద కూర్చునేవి, గట్టిగా కట్టని ఓడ నడుం విరిగేదంట.

నా ప్లాన్ కాగితం ఇప్పుడు కొంచెం మారింది. పోటు వేగం పుస్తకంలో ఉన్నది మొత్తం వేసుకోవట్లేదు, ఒడ్డు వైపు పోయే ఆలోచన ఉంటే ముప్పావే. గాలి, పోటు ఎదురెదురైతే నా స్పీడ్ 5 కాదు 4 అని రాస్తున్నా. ఓడల టైములు వీటీఎస్ ని బయల్దేరేముందే ఫోన్ లో అడుగుతున్నా, సముద్రంలోకి వచ్చాక తెలుసుకుని లాభం లేదు. లాకు టైములు కూడా ఆ రోజుకి మళ్లీ కనుక్కుంటా, రిపేర్లని మారుస్తుంటారు. ఫిల్టర్ మూత మీద మాస్కింగ్ టేప్ వేసి తేదీ రాస్తున్నా, ఆ రోజు తేదీ లేకపోతే తాళం చెవి తిప్పకూడదని రూల్. ఎర్ర పెన్ను లైన్ మాత్రం అలాగే ఉంది, దాన్ని ముందురోజు ఇంట్లో కూర్చుని రాయాలి, సముద్రంలో రాస్తే ఎవడైనా తనకి నచ్చిన టైమే రాసుకుంటాడు.

మా ఆవిడా అత్తగారూ కారులో వచ్చారు, మధ్యాహ్నం రెండున్నరకి అందరం క్లిఫ్టన్ బ్రిడ్జి మీదకి వెళ్లాం. కింద నది లేదు. రెండు బురద కొండల మధ్య కాలవంత నీళ్లు, పొద్దున మా బోటు వచ్చిన దారిలో గట్టు మీద ఒక కొంగ నడుస్తోంది.

అత్తగారు రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు చూసారు. "దీంట్లోంచా బాబూ మీరొచ్చింది?"

"అవునండి. రాత్రి ఎనిమిదిన్నరకి మళ్లీ వస్తాయి నీళ్లు."

"అయితే అప్పుడే చూద్దాం," అని బ్రిడ్జి చివర బెంచీ వైపు నడిచారు.